నాచారం అడ్రసుతో ఒక ఈగ

స్వర్ణలత టీచరు చూడగానే నచ్చే మనిషి కాదు. గొంతు పెద్దది. తప్పు కనిపిస్తే అక్కడే, ఎవరి ముందైనా సరే, అనేస్తుంది. నాచారంలో మా కాలనీ పక్కనున్న ప్రైవేటు స్కూల్లో ఆమె జీవశాస్త్రం టీచరుగా చేరినప్పుడు మా అమ్మాయి గీతిక ఎనిమిదో తరగతి. చేరిన నెలలోనే తల్లిదండ్రుల మీటింగు జరిగింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ లేచి, "మేడమ్, మీరు క్లాసులో గిట్ల గట్ల అంటున్నారట. పిల్లల భాష పాడవుతోంది" అంది.

"పాఠం అర్థమైతలేదంటున్నదా మీ బిడ్డ?" అని అడిగింది స్వర్ణలత.

"పాఠం అర్థమవుతోంది. భాష గురించే..."

"పాఠం అర్థమైనంక భాష అర్థం కాకపోవుడేందమ్మా? నేను పుట్టిన భాష ఇది. పుస్తకంల ఉన్నది పుస్తకం తీరుగనే రాపిస్త. మాట్లాడేది మాత్రం గిట్లనే మాట్లాడ్త."

మాదీ అటు తెనాలి వైపే. నా పక్కన కూర్చున్న మా ఆవిడ శ్యామలాదేవి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చాక, "ఈ స్కూల్లో ఆవిడ ఎంతోకాలం ఉండదు" అంది. ఉండలేదు కూడా.

స్వర్ణలత తండ్రి మొగిలయ్యది ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి దగ్గర ఒక పల్లె. వయసులో ఉండగా నాచారం వచ్చి ఒక ఇంజనీరింగు కంపెనీలో లేతు మిషను మీద పనిచేశాడు. యూనియనులో తిరిగాడు. ఒకసారి కంపెనీ గేటుకు తాళం వేసి, బుద్ధిగా నడుచుకుంటామని బాండు రాసిచ్చిన వాళ్లనే లోపలికి రానిచ్చారు. మొగిలయ్య రాయలేదు. ఏడాదిపాటు బయటే ఉండి కూలిపనులు చేసుకుని, చివరికి బాండు లేకుండానే లోపలికి వెళ్లాడు. భార్య పోయాక కూతుర్ని ఒక్కడే పెంచి, ఉస్మానియాలో జువాలజీ ఎమ్మెస్సీ చేయించాడు.

ఆ స్కూలు కరస్పాండెంటు నరసింహమూర్తిగారు. చెడ్డవాడని నేననను. సొంత కష్టంతో రెండు గదుల స్కూలును మూడంతస్తులు చేసిన మనిషి. 2007 చివర్లో సైన్సు ఎగ్జిబిషను పెద్దగా చేయాలనుకున్నాడు. అప్పుడే ఢిల్లీ వెళ్లి, ఒక దుకాణంలో అరచేతిలో పట్టే తేనెరంగు ముద్ద కొనుక్కొచ్చాడు. ముద్ద మధ్యలో ఒక ఈగ, రెక్కలు విప్పుకుని, ఇప్పుడే వాలినట్టు ఉంది. అది అంబర్ అని, పూర్వం చెట్టు కార్చిన జిగురులో ఈగ చిక్కుకుపోతే, ఆ జిగురు భూమిలో గట్టిపడి ఇలా తయారైందని దుకాణంవాడు చెప్పాడట. దానికో అద్దాలపెట్టె చేయించి, 'పది కోట్ల సంవత్సరాల నాటి ఈగ, డైనోసార్ల కాలం' అని బోర్డు రాయించాడు. పక్కన నిలబడి వివరించే పని స్వర్ణలతకు అప్పగించాడు.

ఆమె ముద్దను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. తర్వాత పిల్లలకు ఒక సీసా ఇచ్చి, స్కూలు వెనక మిర్చిబజ్జీల బండి దగ్గర ఈగల్ని పట్టుకు రమ్మంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించింది. రెక్క చివర ఒక నరం మోచేయిలా వంగి ఉంటుంది. ముద్దలోని ఈగకూ అదే వంపు ఉంది, బజ్జీల బండి ఈగకూ అదే వంపు ఉంది. మీసం మీద ఈకలాంటి వెంట్రుక దీనికీ ఉంది, దానికీ ఉంది. గీతిక ఇంటికొచ్చి, "నాన్నా, రెండూ ఒకటే ఈగ!" అంది.

స్వర్ణలత నేరుగా నరసింహమూర్తిగారి గదికి వెళ్లింది. "సార్, మిమ్మల్ని మోసం చేసిండు ఆ దుకాణపాయన. ఇది ప్లాస్టిక్ జిగురు. లోపల ఉన్నది మన ఇంట్ల వాలే ఈగ."

"డైనోసార్ల కాలంలో ఈగలు లేవంటారా?"

"ఎందుకు లేవు సార్, మస్తుగున్నయ్. కాని అప్పటియి ఎక్కువ దోమల తీరు ఉండేటియి. పొడుగు కాళ్లు, పొడుగు మీసాలు, సన్నటి ఒళ్లు. మన ఇంటీగ ఖాందాన్ డైనోసార్లు పోయినంక ఎంతో కాలానికి వచ్చింది. మొన్నమొన్నటిది. దీన్ని పది కోట్ల ఏండ్లదంటె, రాజుల కాలంనాటి కోటల కరెంటు మీటరు దొరికిందన్నట్టే. నమ్మకుంటె గ్లాసు నీళ్లల్ల గుప్పెడు ఉప్పు కలిపి ఏసి చూడున్రి. అసలు అంబర్ తేల్తది. ప్లాస్టిక్ మునుగుతది."

ఆయన ముఖం ఎర్రబడింది. "అది నీళ్లలో వేసే వస్తువు కాదు మేడమ్. బోర్డు రాయించాను, పెద్దల్ని పిలిచాను. మీరు నేను చెప్పమన్నది చెప్పండి చాలు."

"నేను చెప్పను సార్. ఇంకెవల్నన్న నిలబెట్టుకోండ్రి."

ఆయన ఇంకెవర్నీ నిలబెట్టలేదు. నలుగురిలో నోరెత్తదులే అనుకున్నాడేమో. ఎగ్జిబిషను రోజు హాలు నిండా మేమంతా ఉన్నాం. మైకులో ఆమె పేరే పిలిచాడు. స్వర్ణలత వచ్చి మైకు అందుకుని, "అందరికి నమస్కారం. ఈ పెట్టెల ఉన్నది డైనోసార్ల కాలం ఈగ కాదు. ఎవరో సార్‌ను మోసం చేసి అమ్మిండ్రు. పిల్లలు దీన్ని నిజమనుకోవద్దు" అంది.

నరసింహమూర్తిగారు లేచి, "నిరూపించగలరా?" అన్నాడు.

"ఉప్పు, నీళ్లు తెప్పించున్రి సార్."

ఎవరూ తేలేదు. ఆయనే వచ్చి పెట్టెకు తాళం వేసి, బోర్డు తిప్పేసి వెళ్లిపోయాడు. ఆ ముద్ద ఉప్పునీళ్లలో మునిగేదో తేలేదో ఈ రోజు వరకూ ఎవరూ చూడలేదు. నెమ్మదిగా చెప్పాల్సిందని కొందరు, ఒళ్లు పొగరని ఇంకొందరు అన్నారు. మర్నాడు, నిన్న పొరపాటుగా మాట్లాడానని రాసివ్వమన్నారు ఆమెను.

"తప్పు చెప్తె మాఫీ రాస్త సార్. ఒప్పు చెప్పినందుకు ఏమని రాయాలె?" అని బ్యాగు సర్దుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం మొగిలయ్య డ్యూటీ నుంచి వచ్చి, కూతురు ముఖం చూసి సంగతంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు: "రాసిచ్చినవా బిడ్డా?"

"రాయలే."

"మంచిగ చేసినవ్. అన్నం తిను."

ఈ సంగతి తర్వాత మాకు ఆయనే చెప్పాడు.

అటు మల్లాపూర్‌లో, ఇటు ఉప్పల్‌లో ఆమె తిరగని స్కూలు లేదు. ఇంటర్వ్యూ బాగానే సాగేది. ఇంతకుముందు ఎక్కడ పనిచేశారని అడిగేవారు. ఆమె చెప్పేది. తర్వాత కబురు చేస్తామనేవారు. నాలుగు నెలలు అలా తిరిగి, "నాకు స్కూలు లేదు. అయితె ఏంది? పిల్లలు లేరా?" అని ఇంటి డాబా మీద రేకుల షెడ్డు వేయించి ట్యూషను మొదలుపెట్టింది. గీతిక మొదటిరోజే చేరింది. భాష గురించి అడిగినావిడ కూతురూ చేరింది.

ఒకరోజు ఆ డాబా మీదే గీతిక అడిగింది: "మేడమ్, అది నకిలీదైతే అసలైంది ఎక్కడ దొరుకుతుంది?"

అసలైనవాటి కథ చెప్పింది స్వర్ణలత. తూనీగకూ సీతాకోకచిలుకకూ నాలుగేసి రెక్కలుంటాయి. ఈగ పూర్వీకులకూ నాలుగుండేవి. ఈగ జాతిలో వెనక రెండూ తరతరాలుగా కుంచించుకుపోయి, చివర గుండ్రంగా ఉన్న చిన్న పుల్లల్లా మిగిలాయి. అవి ఎగరడానికి కాదు, గాలిలో తూకం తప్పకుండా ఉండటానికి. ఆ పుల్లలు తీసేస్తే ఈగ గాలిలో నిలవలేక పడిపోతుంది. ఈ మార్పు డైనోసార్ల తొలికాలానికే, అంటే దాదాపు ఇరవై నాలుగు కోట్ల ఏళ్ల కిందటికే జరిగిపోయిందని రాళ్లలో దొరికిన ఈగలు చెబుతున్నాయి. అప్పటికి లోకంలో పువ్వనేదే లేదు. ముందు ఈగ, ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకు పువ్వు.

నీళ్లట్యాంకు నీడలో కూర్చుని వింటున్న మొగిలయ్య గొంతు సవరించుకున్నాడు. "మా ఊరి గుట్ట మీద రాయి పలగ్గొడితె చాప పొలుసులు ఎల్తుండె. చిన్నప్పుడు ఏరుకునేటోళ్లం. చాపలున్నకాడ ఈగలుండయా?"

స్వర్ణలత తండ్రి వైపు తిరిగి, "ఇన్నేండ్లు చెప్పవైతివి నాయినా!" అంది.

"నువ్వెప్పుడు అడిగినవే?"

పుస్తకాలు తిరగేస్తే ఆయన మాట అబద్ధం కాదని తెలిసింది. ఆ గుట్టల సున్నపురాయి డైనోసార్ల కాలపు చెరువుల అడుగున పేరుకున్న బురద. అందులో చేపలు దొరికాయని, అక్కడక్కడ పురుగుల ఆనవాళ్లూ దొరికాయని రాసి ఉంది.

ఆ వేసవిలో తండ్రీకూతుళ్లు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెల్లంపల్లిలో దిగి, బస్సు మారి ఊరికి వెళ్లారు. సుత్తి, ఉలి మొగిలయ్య స్వయంగా చేసినవే. పలకలు పలకలుగా విడిపోయే రాయి అది. ఎండలో కూర్చుని ఒక్కో పొర విప్పుతుంటే ఊళ్లోవాళ్లు వచ్చి, "ఏంది బిడ్డా, బంగారమా?" అని అడిగేవారట. ఈగ అని చెబితే, ఈగలకు గుట్టెక్కాల్నా అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, కానీ సుత్తి ఆపేది కాదు.

మొదటి ఏడాదే ఒక రెక్క దొరికింది. బఠాణీ గింజంత ఉంది. ఈగ రెక్కేనని స్వర్ణలత నమ్మేసింది. దాన్ని దూదిలో చుట్టుకుని, హబ్సిగూడలో కామరాజుగారి ఇంటికి తీసుకెళ్లింది. ఆయన జీవితమంతా రాళ్లలోని జీవుల్ని చదివి రిటైరైన శాస్త్రవేత్త. మాటల్లో చక్కెర వేయడం తెలియని మనిషి. భూతద్దంలో చూసి, "బొద్దింక" అన్నాడు.

"కాదు సార్. ఈగ."

"బొద్దింకమ్మా."

స్వర్ణలత వాదించింది. ఆయన లేచి పుస్తకం తెచ్చి, నరాల బొమ్మలు ముందు పెట్టి, "మీరే పోల్చండి" అని వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొచ్చాడు. ఆయన వచ్చేసరికి ఆమె తల వంచుకుని కూర్చుని ఉంది. "బొద్దింకనే సార్" అంది.

డాబా మీద పిల్లలకూ అదే చెప్పింది. గీతికకు ఏడుపొచ్చినంత పనైంది. "ఎవరికి తెలుస్తుంది మేడమ్? మనం ఈగనుకుంటే పోలా?"

"అనుకుంటె పోతది. మరి ఆ స్కూలు సార్ అనుకున్నదానికి, మనం అనుకున్నదానికి ఫరకేముంటది?"

ఆ తర్వాత సెలవులు దొరికినప్పుడల్లా వెళ్లింది. మొగిలయ్య మోకాళ్లు మొరాయిస్తే ఒక్కతే వెళ్లింది. తెలంగాణ ఉద్యమం రోజులొచ్చాయి. ఒకసారి కాజీపేటలో రైలు ఆగిపోతే, పట్టాల మీద కూర్చున్న వాళ్లతో పాటు తనూ పొద్దుగూకేదాకా కూర్చుని నినాదాలిచ్చి, కదిలాక అదే రైల్లో ఎక్కి వెళ్లింది.

2010 జనవరిలో, సంక్రాంతి సెలవుల తర్వాత, గుట్ట మీది నుంచి పలకల్ని బస్తాలో వేసుకుని తిరిగొచ్చింది. ఇంటి దగ్గర తీరిగ్గా విప్పుదామని. ఆ రోజు హైదరాబాదులో బంద్. ఉప్పల్ చౌరస్తాలో పోలీసులు ఆటో ఆపి బస్తా విప్పారు. బస్తా నిండా రాళ్లు!

"ఇవి ఎందుకు తెస్తున్నవ్?"

"విసిరేటందుకు కాదు సార్. చదివేటందుకు."

ఎగతాళి చేస్తోందనుకున్నారు వాళ్లు. ఒక కానిస్టేబులు బస్తాను పక్క కాలవలోకి దొర్లించబోయాడు. స్వర్ణలత వెళ్లి బస్తా మీద కూర్చుంది. "ఇవి పారేస్తె నన్ను గూడ పారేయాలె. వీటిని మోసుకొచ్చేటందుకు నా నడుము పోయింది. లేవను."

బస్తాతో సహా స్టేషనుకు తీసుకెళ్లారు. ఫోను రాగానే నేనూ మొగిలయ్యా పరుగెత్తాం. మేం వెళ్లేసరికి ఆమె బల్ల మీద కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర బస్తా. నేను ఈమె టీచరని, ఇలా రాళ్లు పరిశోధిస్తుందని చెప్పబోతే ఎస్సై చెయ్యి అడ్డం పెట్టి, "ఆమెనే చెప్పనీయండి" అన్నాడు.

స్వర్ణలత బస్తాలోంచి ఒక పలక తీసి, మెడలో వేలాడే చిన్న భూతద్దం ఆయన చేతికిచ్చింది. "ఇగో, ఈ నల్లగ మెరుస్తున్నది చూడున్రి సార్. చాప పొలుసు. డైనోసార్ల కాలంది. మా నాయిన ఊరిది."

ఎస్సై ఒక కన్ను మూసి చూశాడు. కానిస్టేబుల్ని పిలిచి చూపించాడు. అలా స్టేషనులో ఉన్న వాళ్లందరి చేతుల్లో తిరిగి పలక ఆమె దగ్గరికి వచ్చింది. "తీస్కపోండమ్మా. ఈసారి మాత్రం బంద్ లేని రోజు తీస్కరాండి" అన్నాడాయన.

ఆ బస్తాలోని రాయే అది. ఆదివారం డాబా మీద పిల్లల మధ్య కూర్చుని ఒక్కో పలకా విప్పుతుంటే, ఒక పలక రెండుగా విడిపోయింది. లోపలి ముఖం మీద గోధుమరంగు మరకలాంటిది ఒకటి కనిపించింది. భూతద్దం పెట్టి చూసిన స్వర్ణలత ఎంతసేపటికీ తలెత్తలేదు. గీతిక, "ఏంటి మేడమ్?" అంటే, "ఏమో. తెల్వది. ఎవ్వలూ ఇప్పుడే ఇది ఫలానా అనుకోకున్రి" అంది.

ఈసారి ముందే పేరు చెప్పకుండా పలకను కామరాజుగారి ముందు పెట్టింది. ఆయన మైక్రోస్కోపు సర్దుకుని చాలాసేపు చూశాడు. లేచి కిటికీ తెర తీశాడు. మళ్లీ చూశాడు.

"పొడుగు కాళ్లు. రెక్కలు రెండే" అన్నాడు. "రెక్క వెనక చూశారా?"

"చూసిన సార్. మీరు చెప్పున్రి."

"చివర గుబ్బ ఉన్న పుల్ల. ఒక పక్కదే మిగిలింది. వెనక రెక్క అరిగి అరిగి అలా అయింది. ఈగేనమ్మా. పువ్వుల్లేని కాలపు ఈగ."

స్వర్ణలత అక్కడే కుర్చీలో కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఆయన ఏం చేయాలో తెలియక కాఫీ కలపడానికి వెళ్లాడు.

తామిద్దరూ చూసి ఈగన్నంత మాత్రాన సరిపోదని, విదేశాల్లో రాతి ఈగల మీదే జీవితం గడిపిన నిపుణులకు ఫొటోలు పంపాడు కామరాజుగారు. వాళ్లు ఇంకా ఫొటోలు అడిగారు, కొలతలు అడిగారు, అనుమానాలు రాశారు. ప్రతి అనుమానానికీ ఆమె కూర్చుని జవాబు రాసేది. ఇది కొత్త జాతి అని, దోమలకూ పొడుగుకాళ్ల ఈగలకూ దగ్గరి చుట్టమని, రెక్క నరాల అమరిక పాత ఈగలకూ తర్వాతి ఈగలకూ నడుమ ఉందని తేలడానికి మూడేళ్లు పట్టింది.

వ్యాసం ఇద్దరి పేర్లతో సిద్ధమైంది. పేరు కింద పనిచేసే సంస్థ రాయాలి. కామరాజుగారు తను రిటైరైన సంస్థ రాసుకున్నాడు. "మీకూ అదే రాసేద్దాం. నేను మాట్లాడతాను. ఏ సంస్థా లేకపోతే తేలిగ్గా చూస్తారు" అన్నాడు.

"నేను ఆడ పనిచేయలే కద సార్."

"అందరూ చేసే పనేనమ్మా."

"నేను పనిచేసేది మా డాబా మీద. మా ఇంటి నంబరు రాయున్రి. కింద నాచారం, హైదరాబాద్ అని రాయున్రి. తేలిగ్గ చూసేటోళ్లు రాయిని చూస్తరా, నన్ను చూస్తరా?"

పరిశోధన పత్రికవాళ్లు ఇది నివాసం అడ్రసులా ఉందని, సంస్థ పేరు చెప్పమని మళ్లీ అడిగారు. అదే రాయమంది. మూడోసారికి ఊరుకున్నారు. 2014 మొదట్లో వ్యాసం అచ్చయింది. నేను చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో మా వీధి పేరు, ఆమె ఇంటి నంబరు ఉన్నాయి. రాయిని అందరూ చూడగలిగేలా ఒక పరిశోధన సంస్థకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు మాత్రం, అది దొరికిన పల్లె పేరు చీటీ మీద తెలుగులో కూడా రాస్తేనే ఇస్తానని పట్టుబట్టి రాయించింది.

ఈగకు తండ్రి పేరు పెట్టింది. ఆ సంగతి మొగిలయ్యకు చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మనుషుల పేర్లు రోడ్లకు పెడ్తరు, బళ్లకు పెడ్తరు. నాది ఈగకు పెట్టినవా బిడ్డా?"

"ఈగనే నాయినా. లోకంల ఇంకెవ్వలకు లేని ఈగ."

"అయితె మంచిదే. మమ్మల్ని గేటు బయట నిలబెట్టినోళ్ల పేరు ఎవ్వలకన్న యాదికున్నదా?" అని నవ్వాడు ముసలాయన.

ఆ వేసవి తర్వాత, కొత్త రాష్ట్రంలో స్కూళ్లు తెరిచిన రోజుల్లో, ఒక సాయంత్రం డాబా మీదికి వెళ్లాను. షెడ్డు కింద కొత్త పిల్లలున్నారు. ఒక పిల్ల తల్లి మెట్ల దగ్గర నిలబడి అడుగుతోంది: "మేడమ్, మా పాప ఇంట్ల ఈగల రెక్కలు, రాళ్లు అంటున్నది. ఇది పరీక్షల వస్తదా?"

"రాదమ్మా."

"మరెందుకు చెప్తున్నరు?"

"పరీక్షల వచ్చేది పొద్దుగాల చెప్త" అంది స్వర్ణలత, సుద్దముక్క ఏరుకుంటూ. "రానిది ఇప్పుడు చెప్త. రెండూ ఇనే పిల్లనైతెనే తోలియ్యి." అని బోర్డు వైపు తిరిగి, నాలుగు రెక్కల పురుగు బొమ్మ గీయడం మొదలుపెట్టింది.